60 * 1000 మైనస్ అయిపోతే: ఓవర్‌ఫ్లో వార్నింగ్ వదిలించుకోవడం

నెల్లిమర్ల దగ్గర మా చిన్నాన్న పొలంలో మోటారుకి ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుతో టైమర్ కట్టాను. టెస్టింగ్‌కి ఒక్క నిమిషం చాలనుకుని ఇలా రాశాను:

అన్‌సైన్డ్ లాంగ్ గడువు = 60 * 1000;

పావుగంటైనా రిలే (మోటారుని ఆపే స్విచ్) పడదు. గట్టు మీంచి చిన్నాన్న "ఏట్రా, మోటారు ఆగట్నేదు" అని ఒకటే కేక.

ఊనోలో ఇంట్ (మామూలు పూర్ణాంకం) అంటే 16 బిట్లే, 32767 దాటదు. 60, 1000 రెండూ ఇంట్‌లే కాబట్టి గుణకారం కూడా ఇంట్‌లోనే జరిగిపోతుంది, ఎడమపక్క ఎంత పెద్ద వేరియబుల్ పెట్టామన్నది దానికి అనవసరం. 60000లోంచి 65536 పోయి -5536 మిగిలింది (ఇలా హద్దు దాటడమే ఓవర్‌ఫ్లో), అది మైనస్ పట్టని 32 బిట్ల అన్‌సైన్డ్ లాంగ్‌లో పడి 4294961760 అయి కూర్చుంది. మిల్లీసెకన్లు కదా, లెక్కేస్తే 49 రోజుల 17 గంటలు!

కంపైలర్ దీన్ని పట్టుకుంటుంది, కానీ ఆర్డుయినోలో వార్నింగ్స్ మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. ముందు ప్రిఫరెన్సెస్‌కి వెళ్లి కంపైలర్ వార్నింగ్స్ 'ఆల్' పెట్టండి. తర్వాత 60 వెనకాల యూ, ఎల్ అక్షరాలు తగిలించండి, అంతే. మొత్తానికి బ్రాకెట్ కట్టి బయట క్యాస్ట్ (రకం మార్చే గుర్తు) పెడితే లాభం లేదు, లోపల లెక్క అప్పటికే చెడింది. 1 << 20 లాంటి షిఫ్ట్‌లకీ (బిట్లని ఎడమకి జరపడం) ఇదే మందు, ఆ 1కి యూఎల్ పెట్టాలి.

అసలు టెన్షన్ వేరియబుల్స్‌తోనే, ఎందుకంటే అక్కడ కంపైలర్ నోరెత్తదు. నిమిషాలు * 60 * 1000 అని ఉంటే చివరి 1000కి యూఎల్ పెట్టి చాలామంది ఊరుకుంటారు, నేనూ అదే చేశాను. గుణకారం ఎడమ నుంచి మొదలవుతుంది కాబట్టి ముందు నిమిషాలు * 60 ఇంట్‌లోనే తేలుతుంది. వ్యవసాయ కరెంటు తొమ్మిది గంటలంటే 540 నిమిషాలు, 32400 సెకన్లు, అంచు దాకా వచ్చి ఆగింది. 547 పెట్టారా, పోయింది. అందుకే క్యాస్ట్ మొదటి పేరుకే:

(అన్‌సైన్డ్ లాంగ్)నిమిషాలు * 60 * 1000

ఇంకోటి, కూడిక అయ్యాక 'మొత్తం చిన్నదైపోయిందా' అని చూసే చెక్ సైన్డ్ (మైనస్ కూడా ఉండే) సంఖ్యలకి పనికిరాదు. సైన్డ్ ఓవర్‌ఫ్లో జరగదనే నమ్మకంతో కంపైలర్‌లో కోడ్‌ని మెరుగుపరిచే ఆప్టిమైజర్ ఆ చెక్‌నే తీసేయొచ్చు. కూడేముందే చూడండి: రెండూ పాజిటివ్ అయితే, గరిష్ఠంలోంచి మొదటి సంఖ్య తీసేయగా మిగిలినదానికన్నా రెండోది పెద్దదా?

ఇదంతా లాప్‌టాప్‌లో నడిపి 'బాగానే ఉందే' అనుకోకండి, అక్కడ ఇంట్ 32 బిట్లు.