పీఎంకీ (ప్రొడక్ట్ మేనేజర్‌కీ) డిజైనర్‌కీ మధ్య పని ఎక్కడ ఇరుక్కుంటోంది?

సమస్య: స్ప్రింట్ (యాప్ పనిని విడగొట్టుకునే ఒక్కో విడత) మధ్యలో స్క్రీన్లు మారుతూనే ఉన్నాయి

డిజైనర్ ఆలస్యం చేస్తున్నారనే అంటారు అందరూ. కారణం చాలాసార్లు టికెట్‌లోనే, అంటే చేయాల్సిన పని రాసిపెట్టే చీటీలోనే ఉంటుంది. "హోమ్ పేజీలో పెద్ద బ్యానర్ పెట్టాలి" అని పీఎం పరిష్కారాన్నే రాసేస్తారు. ఎవరి ఇబ్బంది తీరాలో రాయరు. ఆ ప్రశ్న రివ్యూలో బయటపడేసరికి డెవలపర్ సగం కోడ్ రాసేసి ఉంటారు.

పరిష్కారం: నాలుగు సంగతులు టికెట్‌లో లేకుండా ఫిగ్మా (స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్) తెరవొద్దు. ఎవరు వాడతారు, ఎక్కడ ఆగిపోతున్నారు, అది మనకెలా తెలిసింది, ఏ అంకె మారితే పని అయినట్టు. ఉదాహరణకు: "కూకట్‌పల్లి కిరాణా షాపులవాళ్లు షాపు ఫోటో అడిగేచోట ఆపేస్తున్నారు. సపోర్ట్ కాల్స్‌లోనూ ఫనెల్‌లోనూ (ఏ మెట్టు దగ్గర ఎంతమంది ఆగిపోయారో చూపే లెక్క) కనబడింది. రిజిస్ట్రేషన్ పూర్తిచేసేవాళ్ల శాతం పెరగాలి." ఇంత రాశాక బ్యానర్ అక్కర్లేదని పీఎంకే తోచవచ్చు.

రెండు వారాల స్ప్రింట్ అయితే డిజైన్ ఒక స్ప్రింట్ ముందు నడవాలి. అంతకన్నా ముందుకు పోతే ప్రాధాన్యాలు మారి, గీసిన స్క్రీన్లు మూలపడతాయి.

సమస్య: రిసెర్చ్‌కి టైం లేదంటున్నారు

నెల రోజులు కావాలని డిజైనర్ అడిగితే ఏ పీఎం అయినా అదే అంటారు. చిన్నదిగా అడగండి: ఒకే పని, ఐదుగురు మనుషులు, తలా అరగంట. టెస్ట్‌కి ఐదుగురు చాలని యూజబిలిటీ (వాడకంలో సులువు) నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో చెప్పిన లెక్క ఒకే తరహా యూజర్లకే వర్తిస్తుంది. షాపువాళ్లు, డెలివరీవాళ్లు అని రెండు వర్గాలుంటే ఒక్కో వర్గం నుంచి ముగ్గురు నలుగురిని పిలవాలి.

గచ్చిబౌలి ఆఫీసులో పక్క టీంవాళ్లతో చేసే టెస్ట్ లెక్కలోకి రాదు. షాపులకే వెళ్లండి, బేరాలు తక్కువగా ఉండే వేళ చూసుకుని. పీఎంని కనీసం రెండు సెషన్లకు వెంట తీసుకెళ్లండి. పీఎం నోట్స్ రాయాలి, నోరు విప్పకూడదు. ఎంత మంచి రిపోర్టయినా ఇంత పని చేయదు.

సమస్య: హ్యాండాఫ్ (డిజైన్‌ని డెవలపర్లకు అప్పగించడం) తర్వాత తెలుగు స్క్రీన్ చెడిపోయింది

ఇంగ్లిష్ టెక్స్ట్ చూసి ఆమోదిస్తే ఇంతే. తెలుగులో మాటలు పొడుగవుతాయి, లైన్ హైట్ (వరుస ఎత్తు) చాలకపోతే కింది వత్తులు తెగుతాయి. అసలు తెలుగు టెక్స్ట్ పెట్టాకే ఆమోదించండి. లైన్ హైట్ ఫాంట్ సైజుకు 1.5 రెట్లతో మొదలుపెట్టి "స్త్రీ", "సూక్ష్మం" లాంటి మాటలతో సరిచూడండి. బటన్ వెడల్పు బిగించొద్దు. లోడింగ్, ఖాళీ, ఎర్రర్, నెట్ లేనప్పటి స్క్రీన్లు, ఓటీపీ రానప్పటిదీ ఫైల్‌లో ఉండాలి.

సమస్య: మీటింగ్ "నాకు నచ్చలేదు" దగ్గర ఆగింది

ఏ మాట ఎవరు తేల్చాలో ముందే అనుకోలేదన్నమాట. ఏం చేయాలో, ఎప్పుడో పీఎం తేల్చాలి; ఎలా ఉండాలో డిజైనర్; వీలవుతుందో లేదో ఇంజినీరింగ్ లీడ్. తేలిన సంగతి, కారణంతో, తేదీతో టికెట్‌లో ఒక్క లైన్ రాయండి. వాట్సాప్‌లో వద్దు. ఇక చిన్న అక్షరాల కాంట్రాస్ట్ (అక్షరాల రంగుకీ వెనక రంగుకీ వెలుగులో తేడా) 4.5:1 కన్నా తగ్గిందంటే నచ్చడం, నచ్చకపోవడం అడగక్కర్లేదు: డబ్ల్యూసీఏజీ (వెబ్ అందరూ వాడగలిగేలా ఉండాలనే మార్గదర్శకాలు) ఏఏ స్థాయి ప్రమాణం తప్పింది, రంగు మార్చాల్సిందే.