వెనక బెంచీ పోరడు మనల్ని నమ్మాలంటే

ముందు స్టాఫ్ రూములో వాడి గురించి చెప్పుకునే కథలు వినడం ఆపండి. నర్సంపేట వైపు ఒక హైస్కూలుకు బదిలీ మీద వెళ్లిన రోజే నాతో "ఎనిమిదో తరగతిల ఒకడున్నడు సార్, జర పైలం" అన్నారు. దాంతో వాడిని అనుమానంగా చూస్తూనే క్లాసులో అడుగుపెట్టాను, వాడికది రెండు నిమిషాల్లో తెలిసిపోయింది.

అందరి ముందు తిట్టొద్దు. ఎదురు మాట్లాడితే "సరే, అన్నం తిన్నాక మాట్లాడుకుందాం" అని పాఠంలోకి వెళ్లిపోండి, అన్నం తిన్నాక మాత్రం మర్చిపోకుండా మాట్లాడండి. కొట్టడం గురించి చెప్పే పనే లేదు, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలనే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. "నువ్వు బాగుపడవురా" అని రోజూ అనడం కూడా నా లెక్కలో అందులోకే వస్తుంది.

తర్వాత అటెండెన్స్ రిజిస్టరు తిరగేయండి. దసరా సెలవులు అయ్యాక వరుసగా ఆబ్సెంట్లు పడ్డాయంటే, మా దగ్గర అది పత్తి ఏరే కాలం. మావాడిని పళ్లాలు కడిగే నల్లా దగ్గర పట్టుకున్నాను. (ఎదురుగా కూర్చోబెడితే పోలీస్ స్టేషన్ లాగా ఉంటుంది, పక్కన నిలబడటమే మేలు.) ఎందుకు రాలేదని అడగబోతూ వాడి చేతులు చూశాను, పత్తికాయ మొనలు గీరుకుని వేళ్ల చివర్లన్నీ ఎర్రగా ఉన్నాయి. "ఎన్ని కిలోలు ఏరినవ్‌రా?" అన్నాను. మొదటిసారి తలెత్తాడు.

"ముప్పై సార్. మా అవ్వ అరవై ఏరింది."

ఆ రోజుకు అంతే. బడి మానొద్దన్న ఉపన్యాసం అప్పుడే అందుకోవద్దు.

వాడికి తెలిసినదాన్ని పాఠంలోకి తేండి. శాతాలు చెబుతూ, పత్తిలో తేమ పది శాతముంటే సీసీఐ (రైతుల దగ్గర పత్తి కొనే ప్రభుత్వ సంస్థ) ధర ఎంత కోస్తుందని అడిగాను. ముందు బెంచీల వాళ్లు పదిని పట్టుకుని లెక్కలు వేస్తుంటే, వెనక నుంచి "ఎనిమిది దాటిందే కోస్తరు సార్, పన్నెండు దాటితే కొననే కొనరు" అని వినిపించింది.

మాట ఇచ్చేముందు మాత్రం ఆలోచించుకోండి. హన్మకొండ నుంచి సోమవారం కంపాస్ బాక్స్ తెస్తానని చెప్పి మర్చిపోయాను, వాడు మళ్లీ నాతో మాట కలపడానికి మూడు వారాలు పట్టింది.

ఇంటికి చేసే మొదటి ఫోన్ ఫిర్యాదు కాకూడదు. చేనులో ఉన్నప్పుడు కాకుండా రాత్రి ఏడు తర్వాత చేయండి. "అమ్మా, మీవాడు ఇయ్యాళ బోర్డు మీద లెక్క చేసిండు" అంటే కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత "ఏం తప్పు చేసిండు సారూ?" అంది. ఏమీ చేయలేదని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఇంత చేసినా మళ్లీ గొడవ చేస్తాడు. అందరికీ ఉన్న రూలే వాడికీ పెట్టండి, తగ్గించొద్దు. మర్నాడు హాజరు పిలిచేటప్పుడు మాత్రం నిన్నటి కోపం మీ గొంతులో లేకుండా చూసుకోండి.