కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్స్: చైనా విద్యార్థులు దరఖాస్తుకు ముందు చూసుకోవాల్సినవి

1209లో మొదలైన ఈ విశ్వవిద్యాలయంలో డిగ్రీకి గడువు అక్టోబర్ 15. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌కూ దరఖాస్తు పెట్టలేరు. ప్రవేశం కోసం రాసే టీఎంయూఏ అనే లెక్కల పరీక్షకు విడిగా నమోదు చేసుకోవాలి, ఆ గడువు ఇంకా ముందే ముగుస్తుంది. చాలామంది తప్పేది ఇక్కడే, ముందు ఇది చూడండి.

పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. ఒకే ఇంటిపేరు ఒకచోట ‘ఎల్‌వైయూ’, ఇంకోచోట ‘ఎల్‌యూ’ అని ఉంటే కాగితాలు కలవవు.

వీసాకు కావాల్సిన క్షయ పరీక్ష బ్రిటన్ గుర్తించిన క్లినిక్‌లోనే చేయించుకోండి. సర్టిఫికెట్ 6 నెలలే చెల్లుతుంది, మరీ తొందరపడొద్దు.

వీసా కోసం ఫీజు, ఖర్చుల డబ్బు బ్యాంకు ఖాతాలో వరుసగా 28 రోజులు ఉండాలి. మధ్యలో ఒక్కరోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటికే. చైనా పౌరులను స్టేట్‌మెంట్ సాధారణంగా అడగరు, అయినా సిద్ధంగా ఉంచుకోండి.

పీహెచ్‌డీకైతే అటాస్ (కొన్ని సాంకేతిక విషయాలు చదివే విదేశీయులకు బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే) అనుమతి అవసరమా అని ఆఫర్ లేఖలో చూడండి. దానికి వారాలు పడుతుంది.