ట్రాలీ లైట్లు: బల్బు కాదు, ఎర్త్ చూడండి

ట్రాక్టర్ బ్రేక్ తొక్కితే ట్రాలీ ఇండికేటర్లూ మసగ్గా వెలిగేవి. బల్బులు మార్చినా అంతే. ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగెళ్లే దారి) సరిగా అందకపోతే బ్రేక్ బల్బు కరెంటు పక్క బల్బుల గుండా దారి వెతుక్కుంటుంది.

మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టి, ఎర్ర ముల్లు లైటు ఎర్త్‌కి, నల్లది బ్యాటరీ నెగెటివ్‌కి ఆనించి బ్రేక్ తొక్కిస్తే 5 వోల్టులు చూపింది. అర వోల్టు దాటకూడదు. ఎర్త్ అంతా ట్రాలీని ట్రాక్టర్‌కి తగిలించే హుక్కు పిన్ను మీదుగానే పోతోంది; అక్కడేమో గ్రీజూ తుప్పూ!

ట్రాలీ లైట్ల వైర్లను ట్రాక్టర్‌కి కలిపే 7 పిన్నుల సాకెట్లో 3వది ఎర్త్. దాన్నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల తెల్ల వైరు ట్రాలీ ఛాసిస్‌కి (ఇనుప చట్రానికి) లాగి, పెయింటు గీకి, రింగు లగ్గుతో (వైరు చివర బిగించే లోహపు రింగుతో) బోల్టు బిగించాను. ట్రాక్టర్ వైపు సాకెట్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కీ అదే మందం వైరు. వట్టిగా మెలిపెట్టి టేపు చుడితే ఒక్క వానాకాలం ఆగదు. మీటర్ 0.2కి దిగింది.