కారుకు విడిగా హీట్ మీటర్ బిగించడం: సెండర్ చోటు, ఎర్త్, వైరింగ్

ఈమధ్య వస్తున్న చిన్న కార్లలో చాలావాటికి టెంపరేచర్ ముల్లు ఉండటం లేదు. ఇంజన్ చల్లగా ఉంటే నీలి దీపం, మరిగిపోతే ఎర్ర దీపం, అంతే. ఎర్ర దీపం వెలిగేదాకా బండి నడిపితే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. ముల్లున్న కార్లలోనూ దాన్ని పూర్తిగా నమ్మలేం. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) 80 నుంచి 100 డిగ్రీల మధ్య ఎటు మారినా ముల్లు నడిమధ్య కదలకుండా నిలబడేలా చాలా కంపెనీలు దాన్ని అమరుస్తాయి. అంకెలు చూపే మీటర్ ఒకటి విడిగా ఉంటే, మే నెల ఎండలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడో, నిండా మనుషులతో శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నప్పుడో, 90 దగ్గర ఉండాల్సింది 98కి, 103కి పాకుతుండగానే కనిపిస్తుంది.

కొనేముందు ఒక మాట. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ (కారు లోపాలు చదివే పరికరం గుచ్చే చోటు) ఉన్న కారైతే, బ్లూటూత్ అడాప్టర్ గుచ్చి ఫోన్ యాప్‌లో ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) చదువుతున్న కూలెంట్ వేడిని చూడొచ్చు. ముందు దాంతో కొన్నాళ్లు గమనించండి, అదే చాలనిపించవచ్చు. మీటర్ బిగించాక సరిపోల్చుకోవడానికి కూడా అది ఉపయోగం.

మీటర్లు రెండు రకాలు. మెకానికల్ దాంట్లో సన్నటి రాగి గొట్టం ఇంజన్ నుంచి మీటర్ దాకా వస్తుంది. దాన్ని కోయకూడదు, మడత పడనివ్వకూడదు. గొట్టం పగిలితే మొత్తం మీటరే మార్చాలి. కారుకు ఎలక్ట్రిక్ రకమే మేలు: 52 మిల్లీమీటర్ల మీటర్, దాని సొంత సెండర్, అంటే కూలెంట్‌లో మునిగి వేడిని మీటర్‌కు తెలిపే సెన్సర్. సెండర్ ఎప్పుడూ ఆ మీటర్‌తో వచ్చినదే వాడాలి. వేడి పెరిగేకొద్దీ సెండర్ రెసిస్టెన్స్ తగ్గుతుంది, ఎంత వేడికి ఎంత తగ్గాలన్న లెక్క కంపెనీకో రకంగా ఉంటుంది. వేరే సెండర్ పెడితే ముల్లు కదులుతుంది గానీ అంకె తప్పు చూపిస్తుంది.

ఇవి కాక కావలసినవి: సెండర్ బిగించే బొక్క ఉన్న అల్యూమినియం హోస్ అడాప్టర్ (హోస్ మధ్యలో కలిపే గొట్టం ముక్క), రెండు హోస్ క్లిప్పులు, 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు మూడు నాలుగు రంగుల్లో, ఫ్యూజ్ ట్యాప్ (ఉన్న ఫ్యూజ్ చోటు నుంచి అదనపు వైరు తీసే ముక్క), 3 ఆంపియర్ల ఫ్యూజ్, రింగు థింబుల్స్ (వైరు కొసకు నొక్కే రింగులు), వైరు మీద తొడిగే స్లీవ్, కేబుల్ టైలు, మీ కారులో ఉన్న రకం కూలెంటే రెండు లీటర్లు.

అడాప్టర్ సైజు చాలామంది హోస్ పైకొలత చూసి తెచ్చుకుంటారు. కావలసింది లోపలి వ్యాసం. హోస్ ఊడదీసి రేడియేటర్ మూతి బయటి వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిస్తే సరైన అంకె దొరుకుతుంది. బజార్లో 26 నుంచి 40 మిల్లీమీటర్ల దాకా అడాప్టర్లు ఉంటాయి. చిన్నది తెచ్చి క్లిప్పు బిగించి సరిపెట్టుకుంటే, వేడెక్కి ప్రెషర్ వచ్చాక అక్కడే కారుతుంది. మరలు కూడా కలవాలి. అమెరికా రకం మర 1/8 ఎన్‌పీటీకి అంగుళానికి 27 మరలు, బ్రిటిష్ రకం 1/8 బీఎస్‌పీటీకి 28. ఒకదాంట్లో మరొకటి రెండు చుట్లు బాగానే తిరిగి, తర్వాత అల్యూమినియం మరల్ని తినేస్తుంది. ఎం10×1 రకం తిన్నని మర, దానికి వాషరే సీలు. ఎన్‌పీటీ వాలుగా ఉండే మర, దానికి త్రెడ్ సీలెంట్ పలచగా రాస్తే చాలు.

సెండర్‌ను ఎక్కడ పెట్టాలన్నదే ఈ పని మొత్తంలో ముఖ్యం. సాధారణంగా ఇంజన్ నుంచి రేడియేటర్ పైభాగానికి వెళ్లే పై హోస్‌లో పెడతారు. అయితే మీ కారు థర్మోస్టాట్ (వేడెక్కాకే రేడియేటర్‌కు నీళ్లు వదిలే వాల్వ్) ఎటువైపు ఉందో ముందు తెలుసుకోండి. అది ఇంజన్ నీళ్లు బయటికి వచ్చే చోట ఉంటే, పై హోస్ థర్మోస్టాట్ తర్వాతది అవుతుంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మీటర్ చాలాసేపు చల్లగానే చూపించి, 82 డిగ్రీలకో 88కో వాల్వ్ తెరుచుకోగానే ఒక్కసారిగా లేస్తుంది. అది లోపం కాదు. కానీ వాల్వ్ మూసుకుపోయి ఇరుక్కుంటే మాత్రం, లోపల ఇంజన్ మరుగుతుంటే పై హోస్‌లోని సెండర్ చల్లగా ఉందని చెబుతుంది. అందుకే హెడ్ మీద గానీ, థర్మోస్టాట్ హౌసింగ్‌లో ఇంజన్ వైపు గానీ ఖాళీ ప్లగ్ ఉంటే సెండర్‌కు అదే మొదటి చోటు. అది లేకపోతే, హెడ్ నుంచి హీటర్‌కు ఎప్పుడూ నీళ్లు పారే కార్లలో, ఆ సన్న హోస్‌లో పెట్టొచ్చు. హీటర్‌కు కాక్ ఉండి మూసే రకమైతే వద్దు.

థర్మోస్టాట్ కింది హోస్ వైపు ఉన్న ఇంజన్లలోనూ వాల్వ్ మూసుకున్నంతసేపు పై హోస్‌లో నీళ్లు సరిగా పారవు, కాబట్టి అక్కడా ఇదే జాగ్రత్త. కింది హోస్‌లో మాత్రం ఏ కారులోనూ పెట్టకండి, అక్కడ పారేది రేడియేటర్‌లో చల్లారిన నీళ్లు. ఈసీయూ సెన్సర్‌ను పీకేసి దాని స్థానంలో మీటర్ సెండర్ పెట్టే పని కూడా వద్దు. పెట్రోలు ఎంత పోయాలో, ఫ్యాన్ ఎప్పుడు వేయాలో ఈసీయూ ఆ సెన్సర్ చూసే నిర్ణయిస్తుంది.

బిగించేముందే సెండర్‌ను పరీక్షించండి. మీటర్‌కు బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చి, సెండర్ ఇత్తడి ఒంటిని బ్యాటరీ నెగటివ్‌కు వైరుతో కలిపి, దాని కొనను మరిగే నీళ్లలో ముంచండి. విశాఖలో అయితే 100 చూపాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి, మీటర్ 98 చూపితే దాన్ని తప్పు పట్టకండి. మూడు నాలుగు డిగ్రీల తేడా పర్వాలేదు. పది ఉంటే వెనక్కిచ్చేయండి.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే పని మొదలు. బ్యాటరీ నెగటివ్ తీయండి. రేడియేటర్ అడుగున లీటరున్నర దాకా కూలెంట్ శుభ్రమైన గిన్నెలోకి దించితే నీటి మట్టం పై హోస్ కిందికి వస్తుంది. ఆ కూలెంట్‌ను వీధిలో పారబోయకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.

హోస్‌లో వంపు లేని చోట గుర్తు పెట్టండి. ఫ్యాన్‌కూ బెల్టుకూ దూరంగా ఉండాలి, ఇంజన్ ఊగినా దేనికీ తగలకూడదు. అడాప్టర్ రెండు కొసలు హోస్ లోపలికి పోతాయి కాబట్టి, మధ్యలో బయటికి కనిపించే దిమ్మె ఎంత వెడల్పో అంత ముక్కే కోసి తీసేయాలి. ఎక్కువ కోస్తే హోస్ లాగుడు మీద ఉండి ఎప్పుడో ఊడుతుంది, అసలు కోయకపోతే మడత పడుతుంది. పదునైన బ్లేడుతో అడ్డంగా తిన్నగా కోయండి. సెండర్‌ను ముందే వైస్‌లో పెట్టి అడాప్టర్‌కు బిగించుకోవాలి: వాలు మర అయితే చేత్తో ఆగినంతా తిప్పి, తర్వాత స్పానర్‌తో ఒకటి ఒకటిన్నర చుట్టు. లోపలికి తొంగి చూడండి, సెండర్ కొన నీటి దారిలోకి రావాలి. దిమ్మె లోతుగా ఉండి కొన గుంటలో దాక్కుంటే మీటర్ ఆలస్యంగా, తక్కువగా చూపుతుంది. హోస్‌కు కూలెంట్ తడి చేసి తొడగండి. గ్రీజు, ఆయిల్ వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. సెండర్ నేరుగా ఆకాశం చూడకుండా పక్కకు తిప్పి పెడితే గాలి బుడగలో చిక్కుకోదు.

ఇక ఎర్త్. అడాప్టర్‌కు రెండు వైపులా రబ్బరే. ఒక్క వైరు సెండర్ అయితే కరెంటు దాని ఒంటి గుండా వెనక్కి పోవాలి, దారి లేదు. అడాప్టర్ మీది స్క్రూ నుంచి విడిగా ఒక వైరు లాగి ఇంజన్ బ్లాక్‌కో, బ్యాటరీ నెగటివ్‌కో బిగించాలి. పెయింట్ గీకి, థింబుల్ గట్టిగా నొక్కాలి. ఇక్కడ తుప్పు పడితే ఆ రెసిస్టెన్స్ సెండర్ రెసిస్టెన్స్‌కు తోడై మీటర్ అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. ఎక్కువ చూపితే భయపడి ఆపుతాం, తక్కువ చూపితేనే ఇంజన్ పోతుంది. మీటర్ ఎర్త్ కూడా ఇదే బోల్టుకు తెస్తే మంచిది. వేరేచోట ఇస్తే హెడ్‌లైట్ వేసినప్పుడల్లా, ఫ్యాన్ తిరిగినప్పుడల్లా ముల్లు ఎగురుతుంది. రెండు వైర్ల సెండర్‌కు అడాప్టర్ ఎర్త్ అక్కర్లేదు.

సెండర్ వైరు ఎగ్జాస్ట్‌కు, బెల్టుకు దూరంగా స్లీవ్ వేసి, ఇప్పటికే ఉన్న గ్రోమెట్ (రేకు బొక్కకు తొడిగిన రబ్బరు రింగు) గుండా లోపలికి తీయండి. ఒట్టి రేకు బొక్కలోంచి తీస్తే అంచు రాసుకుని ఇన్సులేషన్ తెగుతుంది. ముందు అద్దం పక్క పిల్లర్‌లో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే అక్కడ మీటర్ పెట్టకండి, వైరూ లాగకండి. మీటర్‌కు పాజిటివ్ ఇగ్నిషన్ వేస్తేనే కరెంటు వచ్చే ఫ్యూజ్ నుంచి ట్యాప్‌తో తీయాలి. వైపర్ ఫ్యూజ్ సరిపోతుంది, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఈసీయూ ఫ్యూజుల జోలికి పోవద్దు. మీటర్ దీపం వైరు పార్కింగ్ లైట్‌కు.

కూలెంట్ నింపేటప్పుడు డిస్టిల్డ్ వాటరే కలపండి, బోరు నీళ్లు పోస్తే రేడియేటర్‌లో సున్నం కడుతుంది. మూత తీసే ఉంచి, హీటర్ ఫుల్ వేడికి పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. పై హోస్‌ను మధ్యమధ్య పిసుకుతుంటే బుడగలు వస్తాయి, మట్టం దిగుతుంది, పోస్తూ ఉండండి. బ్లీడ్ స్క్రూ (లోపలి గాలి బయటికి వదిలే స్క్రూ) ఉంటే దాన్నీ తెరవాలి. బుడగలు ఆగాక మూత పెట్టి, ఫ్యాన్ తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో వదిలి ఆ రెండు అంకెలు రాసి పెట్టుకోండి. చాలా కార్లలో ఫ్యాన్ 95 నుంచి 100 మధ్యలో మొదలవుతుంది. మీ కారుకు మామూలు ఎంతో చెప్పేది ఆ అంకెలే. వారం తర్వాత, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, క్లిప్పులు మళ్లీ ఒకసారి బిగించాలి.

ముల్లు అసలు కదలకపోతే సెండర్ దగ్గర వైరు ఊడదీసి ఇంజన్‌కు తాకించండి. ముల్లు పూర్తిగా వేడి వైపు పోతే మీటర్, వైరు బాగున్నట్టే, లోపం సెండర్‌లోనో దాని ఎర్త్‌లోనో ఉంది. స్విచ్ వేయగానే వేడి చివర నిలబడితే సెండర్ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది.

0.9 బార్ రేడియేటర్ మూత సరిగ్గా పనిచేస్తుంటే లోపల ఒట్టి నీళ్లయినా 118 దాకా మరగవు. కాబట్టి ఘాట్‌లో 102 చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు. 105 దాటుతుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా వేయండి. 110కి వస్తే పక్కన ఆపండి, మూత ముట్టుకోవద్దు. ఎక్కుతూ ఎక్కుతూ ఉన్న ముల్లు ఉన్నట్టుండి 60కో 50కో పడిపోతే ఇంజన్ చల్లబడిందని అనుకోకండి. నీళ్లన్నీ కారిపోయి సెండర్ ఒట్టి గాలిలో ఉండవచ్చు, ఆ క్షణమే ఇంజన్ కట్టేయాలి.