ఎండాకాలానికి ముందు: కంప్యూటర్ ఫ్యాన్ ఎర్రర్‌ని ఇగ్నోర్ పెట్టారా?

మొన్న విశాఖలోని గాజువాక నుంచి ఒక ఫొటో స్టూడియో సిస్టమ్ రిపేరుకొచ్చింది. పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ అవుతుండగా ఆగిపోవడం, మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ ఆగిపోవడం. చివరికి ఫైళ్లే తెరుచుకోలేదు. విప్పి చూస్తే సీపీయూ (ప్రాసెసర్) ఫ్యాన్ బిగుసుకుపోయింది. ఫ్యాన్లు పాడవడం మామూలే. కానీ బయోస్‌లో, అంటే విండోస్ రాకముందు తెరిచే బోర్డు సెట్టింగుల్లో, ఆ ఫ్యాన్ హెచ్చరికని ఎవరో 'ఇగ్నోర్' చేసి పెట్టారు.

దుమ్ము దులపడం, ఏసీ వేసుకోవడం మీకు తెలిసినవే. నేను చెప్పేది ఈ ఇగ్నోర్ గురించి.

మీరు గేమ్ ఆడుతున్నారో టాలీ తెరిచారో ఫ్యాన్ కంట్రోలర్‌కి అనవసరం. దానికి అందేది వేడి లెక్క. ప్రాసెసర్ లోపలి సెన్సర్ చెప్పిన ఉష్ణోగ్రత చూసి, మదర్‌బోర్డు మీది చిప్ ఫ్యాన్ వేగం పెంచుతుంది, తగ్గిస్తుంది. నాలుగు పిన్నుల ఫ్యాన్‌లో ఒక పిన్ను ఆ ఆదేశాన్ని తీసుకెళ్తుంది. ఇంకొకటి ఫ్యాన్ తిరుగుతోందన్న కబురు తెస్తుంది, మామూలుగా చుట్టుకి 2 పల్సులు (విద్యుత్ సంకేతాలు). ఆ కబురు రాకపోతే 'సీపీయూ ఫ్యాన్ ఎర్రర్' అని స్క్రీన్ మీద పడుతుంది. ఆన్ చేసినప్పుడల్లా ముందుకెళ్లడానికి ఎఫ్1 నొక్కలేక విసుగొచ్చి ఇగ్నోర్ పెట్టేస్తారు. ఇక ఫ్యాన్ ఆగినా బోర్డు నోరెత్తదు. ప్రాసెసర్‌కి భయం లేదు, చాలా మోడళ్లు 95-100 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ వేడి ఆగకపోతే సిస్టమ్‌నే ఆపేస్తాయి. పోయేది ఆ నిమిషంలో సగం రాసిన ఫైలు.

గది 10 డిగ్రీలు వేడెక్కితే లోపలా దాదాపు అంతే పెరుగుతుంది. చలికాలంలో ఎలాగో నెట్టుకొచ్చిన ఫ్యాన్ మే నెలలో దొరికిపోతుంది. బీచ్ రోడ్డు వైపు ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పడతాయి. జ్ఞానాపురం వైపైతే పోర్టు బొగ్గు పొడి హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రెక్కలు) సందుల్లో పేరుకుంటుంది.

ఫ్యాన్ బాగానే తిరుగుతున్నా ఎర్రర్ వస్తోందా? వైరు సీపీయూ ఫ్యాన్ సాకెట్‌లోనే ఉందో లేదో చూడండి. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ అయితే బయోస్‌లో హెచ్చరిక కనీస ఆర్‌పీఎంని (నిమిషానికి చుట్లు) తగ్గించండి. ఇగ్నోర్ మాత్రం వద్దు.

మూడు పిన్నుల ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్ స్పీడులో అరుస్తుంటే బయోస్‌లో ఆ సాకెట్‌ని డీసీ మోడ్‌కి (వోల్టేజీతో వేగం మార్చే పద్ధతి) మార్చండి. లిక్విడ్ కూలర్ పంపు వేగం తగ్గించకండి. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ పని లేనప్పుడు ఆగి ఉంటే కంగారు పడకండి, చాలా కార్డులు అంతే. సౌండ్ వస్తోందని సీపీయూ ఫ్యాన్‌ని ఒకే తక్కువ స్పీడుకి కట్టేయకండి. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కని వేలితో పట్టుకోండి, లేదంటే బేరింగు పోతుంది. క్యాబినెట్‌ని గోడకి ఆనించకండి. ఆర్‌పీఎం సున్నా చూపిస్తే పని ఆపి విప్పి చూడండి. ఫ్యాన్ పోతే ఫ్యాన్ మార్చండి. ఇగ్నోర్ పెట్టకండి. రిపేరు షాపువాళ్లు పెట్టి పంపారేమో, ఇంటికి తెచ్చాక బయోస్ తెరిచి చూడండి. పెట్టి ఉంటే సిస్టమ్ వెనక్కి పట్టుకెళ్లండి.