నురుగు కొలిచే ముందు పాత్రను పరీక్షించండి

ద్రవాన్ని కలిపి నురుగు ఎత్తును కొలిచే పరికరంలో ఒకే నమూనా ప్రతిసారీ వేరే ఫలితం ఇస్తుంటే, మోటారునో సెన్సారునో అనుమానించే ముందు గాజు పాత్రను, కలిపే బ్లేడును మళ్లీ కడిగి చూడండి. గోడలకు మిగిలిపోయిన కొద్దిపాటి డిటర్జెంటు నురుగును పెంచుతుంది. గాజు కీళ్లకు రాసే సిలికాన్ గ్రీజు లేశమాత్రం చేరినా నురుగును అణచివేయగలదు, అది కంటికి ఆనదు కాబట్టి నా దృష్టిలో ఇదే పెద్ద ప్రమాదం. కడిగిన పాత్రలో డిస్టిల్డ్ వాటర్ పోసి ఒంపినప్పుడు నీరు చుక్కలుగా విడిపోకుండా పలుచని పొరలా జారాలి. అదే నీటిని పరీక్ష వేగంతోనే కలిపి ఆపినప్పుడు నురుగు నిలవకూడదు.

ఆ తరువాత నమూనాను గోడ వెంట నెమ్మదిగా పోసి, ఉష్ణోగ్రతను, ద్రవ పరిమాణాన్ని, బ్లేడు లోతును ప్రతిసారీ ఒకేలా ఉంచండి, ఎందుకంటే బ్లేడు ఉపరితలానికి దగ్గరైనకొద్దీ సుడి ఎక్కువ గాలిని లోపలికి లాగుతుంది.

నురుగు ఎత్తును కలపడం ఆపిన వెంటనే ఒకసారి, 5 నిమిషాల తరువాత మరొకసారి నమోదు చేయండి. ద్రవాన్ని పైనుంచి జారవిడిచే రాస్-మైల్స్ పద్ధతిలోనూ ఈ రెండు కొలతలే తీసుకుంటారు. మొదటిది నురుగు పుట్టే గుణాన్ని, రెండవది నిలిచే గుణాన్ని తెలుపుతుంది.